చెవి తిప్పిన కుందేలు

“ఒకే తప్పు చేసిన ఇద్దరికి ఒకే శిక్ష వేయడం న్యాయమా, కాదా? ముందు అది చెప్పు గురువా!”

ఓబులేసు చెప్పులు విడవకుండా, అరుగెక్కకుండా, వాకిట్లో నిలబడే ఈ ప్రశ్న వేశాడు. మా ఇద్దరికీ చెక్కభజన నేర్పిన కుళ్ళాయప్ప గురువు తలెత్తలేదు. ఆపరేషనైన మోకాలి కింద దిండు పెట్టుకుని, ఒళ్ళో ట్యాబు పెట్టుకుని, ఆయన ఒక అడవిపంది వెనక పడి ఉన్నాడు. నిజం పంది కాదులెండి, ఆటలో పంది. గురువు మనవరాలు హిమజ బెంగుళూరులో ఆటలు తయారుచేసే కంపెనీలో బొమ్మలు గీస్తుంది. తాత మంచంలో ఊరికే పడుకుంటే దిగులు పెట్టుకుంటాడని, తమ కంపెనీ చేసిన వేట ఆటను ట్యాబులో వేసి ఇచ్చిపోయింది. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి, చీమను చూసి పక్కకు అడుగేసే మనిషి, ఆ రోజు నుంచి పొద్దస్తమానం అడవిలోనే. ఆయన భార్య నాగమ్మవ్వ వచ్చినవాళ్ళందరితోనూ ఒకటే మాట: “ఈ వయసులో మా ఆయన వేటగాడైనాడు నాయనా. కూరకు మాత్రం వంకాయలే తెమ్మంటాడు!”

గురువు ఎవరి ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. ఆ పని చేస్తూ చేస్తూ వాడే ఎక్కడో ఒకచోట నోరు మూసుకునేవాడు. మేము దాన్నే జవాబనుకునేవాళ్ళం. ఆ రోజు ఓబులేసును నా బండి మీద తీసుకొచ్చింది నేనే కాబట్టి, ఆ జవాబు ఎట్లా వచ్చిందో మొదటి నుంచీ కళ్ళారా చూశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు సంబరమే.

చెక్కభజన తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. రెండు చేతుల్లో చెక్కలు, ఒక్కో చేతికి ఒక జత, కాళ్ళకు గజ్జెలు. ఇరవై మంది దాకా గుండ్రంగా నిలబడి, పాటకు అడుగేస్తూ, ఎగురుతూ, తిరుగుతూ చెక్కలు వాయిస్తారు. నడుమ గురువు నిలబడి పాడతాడు. ఏదైనా ఊరికి నేర్చుకోవాలనే బుద్ధి పుడితే గురువును పిలిపించుకుంటారు. సాయంత్రాలు పనులైనాక నేర్చుకుంటారు. అడుగులన్నీ వచ్చినాక ఒక మంచిరోజు చూసి, గజ్జెపూజ చేసి, ఊరందరి ముందూ ఆడతారు. ఆ రోజు వలయం నిండుగా నిలబడితేనే నేర్పినవాడిని గురువంటారు. అంతవరకూ వాడు ఒట్టి ఓబులేసే.

వంకమీదపల్లెవాళ్ళు పిలిచినప్పుడు గురువు మోకాలు ఒప్పుకోలేదు. “మా ఓబులేసును పంపుతా, నాకంటే బాగా పాడతాడు” అని పంపించాడు. గొంతు విషయంలో అది నిజమే. కానీ ఓబులేసుకు అది మొదటి ఊరు. మొదటి ఊరు చెడిందంటే రెండో ఊరు పిలవదు.

“ఏం జరిగిందో చెప్పు” అన్నాడు గురువు, పంది మీద నుంచి చూపు తీయకుండా.

“నువ్వు నేర్పినట్లే నేర్పినా గురువా. ఎవడన్నా అడుగు తప్పితే ఆపుచెక్క కొడతాం గదా, అట్లే కొట్టినా.”

ఆపుచెక్క అంటే నడుమనున్న గురువు తన రెండు జతల చెక్కలూ ఒక్కసారి గట్టిగా కొట్టి పట్టేయడం. అది వినపడితే వలయమంతా ఉన్నచోట నిలిచిపోవాలి. తప్పినవాడు నడుమకు వచ్చి, అందరూ చూస్తుండగా ఆ అడుగు ఒంటరిగా వేసి చూపాలి.

“వెనక్కి తిరిగే అడుగు కాడ ఇద్దరు తప్పుతాండారు. ఒకడు గొర్రెల బీరన్న, ఇంకోడు పట్టుపురుగులు సాకే తిప్పేస్వామి. పక్కపక్కనే నిలబడతారు. ఇద్దరినీ నడుమకు పిలిచినా. బీరన్న నడుమకొచ్చి పెళ్ళికొడుకు మాదిరి అందరికీ దండాలు పెట్టి, తప్పు అడుగే మళ్ళా వేసి, ఈలలు వేయించుకుని పాయె. తిప్పేస్వామి వచ్చినాడు, తల వంచుకుని సరిగ్గా వేసినాడు, పోయినాడు. మర్నాడు మళ్ళా ఇద్దరూ అక్కడే తప్పినారు. మళ్ళా పిలిచినా. ఆ పైరోజు తిప్పేస్వామి నడుమకు రాలేదు. చెక్కలు నేల పెట్టి ఇంటికి పాయె.”

గురువు చెయ్యి ట్యాబు మీద ఆగింది. “నేల పెట్టినాడా?”

“పెట్టినాడు.”

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. నొచ్చుకుని నేల పెట్టిన చెక్కలను పెట్టినవాడన్నా ఎత్తుకోవాలి, పెట్టించినవాడన్నా ఎత్తి ఇవ్వాలి. మూడోవాడు ముట్టకూడదు. తిప్పేస్వామి చెక్కలు ఆ రోజు నుంచీ భజన స్థలంలో నేల మీదే ఉన్నాయి. జనం వాటిని చుట్టుకుని నడుస్తున్నారు. వానొస్తే తడవకుండా ఎవరో పైన గంప బోర్లించారట. తిప్పేస్వామి వెనకే వాని బావమరుదులు, ఇరుగుపొరుగువాళ్ళు కూడా రావడం మానేశారు. సగం వలయం ఖాళీ. గజ్జెపూజ శ్రావణ శనివారానికి పెట్టుకున్నారు, అది వారంలోకి వచ్చింది. ఊరిపెద్దలు ఓబులేసును కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పారు: “సామీ, వలయం నిండకపోతే మేము వేరే గురువును చూసుకుంటాం. ఏమనుకోవద్దు.”

“ఇప్పుడు చెప్పు గురువా! నేను ఎక్కువ తక్కువ చూసినానా? బీరన్న ఉన్నోడని వదిలినానా? ఇద్దరిదీ ఒకటే తప్పు, ఇద్దరికీ ఒకటే శిక్ష. న్యాయం అంటే ఇదే గదా?” అంత పొడుగు మనిషి, అంత మీసం, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటుంటే నేను అటు తిరిగి ములగచెట్టు చూస్తూ నిలబడ్డాను.

గురువు ట్యాబు ముందుకు చాచాడు. “ఇంద. నాకొక కుందేలు కొట్టుకురా.”

“నేనేం అడిగితి, నువ్వేం చెప్తాండావు?”

“కొట్టుకురారా అంటే!”

గురువు చెప్పినాక ఏం చేస్తాడు? అరుగెక్కి కూర్చున్నాడు. ఆటలో అడవిలోకి పోయే ముందు ఒక సంచి చూపిస్తుంది. పిట్టలకు ఆవగింజలంత రవ్వలు, కుందేలు లాంటివాటికి సన్నతూటాలు, జింకలకు మరో రకం, అడవిదున్నకూ ఎలుగుబంటికీ బొటనవేలంత లావు తూటాలు. ఏవి కావాలో ఎన్ని కావాలో మనమే నింపుకోవాలి. అన్నీ నింపుకుంటే సంచి బరువై వేటగాడు మెల్లగా నడుస్తాడు. మా గురువు రోజూ అన్ని రకాలూ కొంచెం కొంచెం నింపుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈసురోమని అడవంతా తిరిగి, దాదాపు నిండు సంచితోనే వెనక్కి వచ్చేవాడు. “అంత మోసుకుపోయి అంతా తిరిగి తెచ్చేదానికి వేటెందుకు గురువా?” అని మేము ఎగతాళి చేసేవాళ్ళం. ఆయన నవ్వేవాడు, అంతే.

ఓబులేసు లావు తూటాలే నింపాడు. “పెద్దది ఉంటే అన్నిటికీ సరిపోతుంది. దున్న పడేదానికి కుందేలు పడదా ఏంది?” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అది తెలివైన మాటే అనిపించింది.

పొద దగ్గర కుందేలు కనబడింది. ముద్దుగా ఉంది. ఓబులేసు గురి చూసి కొట్టాడు. ఆ మోతకు ట్యాబు అదిరింది, లోపల నాగమ్మవ్వ చేతిలో గరిటె జారి పడింది. “ఎవర్ని చంపుతాండారప్పా నట్టింట్లో!” అని అరిచింది. పొగ విడిపోయాక చూస్తే కుందేలు లేదు. పిడికెడు బొచ్చు గాల్లో తేలుతోంది. తెర మీద అక్షరాలు వచ్చాయి: ‘జంతువు పడింది. వేట పనికిరాదు.’

“అయ్యయ్యో!” అన్నాడు గురువు. “ఆ చెవులు గీసేదానికి మా పిల్ల నెల్లాళ్ళు కష్టపడిందిరా!”

“ఇంకోటి కొడతాలే గురువా” అని ఓబులేసు ముందుకు నడిచాడు. నడిచాడు, నడిచాడు. ఎక్కడా ఏమీ లేదు. జింకల్లేవు, నెమళ్ళు లేవు, ఇందాకటి పంది కూడా లేదు. గడ్డి మాత్రం ఊగుతోంది.

“ఏమైపోయినాయి ఇవన్నీ?”

“నన్నడుగుతావేం?” అన్నాడు గురువు. “నువ్వు కొట్టింది ఒక్క కుందేలునే గదా. మిగిలినవి ఎందుకు పోయినట్టు?”

ఓబులేసు వెంటనే ఏదో అనబోయాడు. నోరు తెరిచినవాడు అట్లే ఉండి, మళ్ళీ మూశాడు. నాకు మాత్రం వంకమీదపల్లెలో గంప బోర్లించిన చెక్కలు కళ్ళ ముందు కనబడ్డాయి. అయినా నేను కల్పించుకోలేదు. గురువు పని ఇచ్చినప్పుడు పక్కవాడు మాట్లాడకూడదు.

రెండోసారి ఓబులేసు లావు తూటాలన్నీ తీసేసి, సంచి నిండా రవ్వలు పోశాడు. “ఈసారి మెత్తగా పోతా” అన్నాడు. మెత్తగానే పోయాడు పాపం. చెట్ల సందులోంచి ఎదురొచ్చింది అడవిదున్న. ఎంత దున్న! మూపురం చూస్తే చిన్న గుట్ట. ఓబులేసు రవ్వలు పేల్చాడు. దున్న ఒకసారి తోక ఆడించింది. మళ్ళీ పేల్చాడు. చెవి మీద ఈగను తోలుకున్నట్టు తల విదిలించి, మేత మేస్తూనే ఉంది. సంచి ఖాళీ అయ్యేదాకా పేల్చాడు. చివరికి అది ఇటు తిరిగి, నింపాదిగా నడిచొచ్చి, వేటగాడిని ఒక్క పొడుపు పొడిచి వాగులో పడేసి, మళ్ళీ పోయి మేసుకుంది.

నాకు నవ్వాగలేదు. “బీరన్నే! అచ్చం బీరన్నే! దండం పెట్టడమొక్కటే తక్కువ!” అని అరిచేశాను. గురువు నా వైపు ఒక చూపు చూశాడు. నేను ములగచెట్టు దగ్గరికి వెళ్ళిపోయాను. అక్కడ నుంచైనా తెర కనబడుతూనే ఉందనుకోండి.

ఓబులేసు ట్యాబు తన ఒళ్ళో పడేసుకున్నాడు. “ఇదేం ఆట గురువా! దేనికి ఏది వాడల్లో ఒక్కసారి చెప్పేయి, కంఠతా పెట్టుకుంటా.”

“కంఠతా పెట్టుకుంటావనే చెప్పలేదు.”

“మరి ఎట్ల తెలుస్తుంది?”

“దాన్నే అడుగు.”

“కుందేలునా? అది చెప్తుందా నాతో, ఓబులేసన్నా నన్ను సన్నతూటాతో కొట్టు అని?”

గురువు వంగి, తెర మూలన ఉన్న ఒక చిన్న గుర్తును వేలితో చూపాడు. దుర్భిణీ బొమ్మ. అది అక్కడ ఉన్నట్టు ఓబులేసు అంతసేపూ గమనించనే లేదు. నొక్కితే తుపాకీ కిందికి దిగింది, అడవి దగ్గరికి వచ్చింది. ఆకు మీద ఈనెలు కనబడుతున్నాయి. ఓబులేసు అటూ ఇటూ తిప్పాడు. పొద కింద ఒక కుందేలు కూర్చుని ఉంది. గడ్డి నమలడం ఆపింది. కదల్లేదు. ఒక చెవి అటే ఉంచి, ఒక్క చెవి మాత్రం మెల్లగా, మెల్లగా ఇటు తిప్పింది.

“ఏం చేస్తాంది?” అని అడిగాడు గురువు.

“చెవి ఇటు తిప్పింది.”

“అంటే?”

“మనం వచ్చినట్టు తెలిసింది దానికి.”

“తుపాకీ పేలిందా?”

“ల్యా, పేలలేదు.”

“అయినా వినిందా?”

ఓబులేసు దుర్భిణీలోంచి ఆ చెవినే చూస్తూ ఉన్నాడు. ఎంతసేపు చూశాడో! నాగమ్మవ్వ మజ్జిగ తెచ్చి పక్కన పెడితే కూడా చూడలేదు. కుందేలు కాసేపటికి భయం తీరి, మళ్ళీ గడ్డి నమలడం మొదలుపెట్టింది. ఓబులేసు తుపాకీ గుర్తు నొక్కలేదు. ట్యాబును రెండు చేతులతో గురువుకు ఇచ్చాడు, చెప్పులేసుకున్నాడు, “పోదాం పా అన్నా” అని నా బండెక్కాడు. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందా రాలేదా అని నేను దారి పొడుగునా అడిగాను. వాడు ఊఁ అనలేదు, ఉహుఁ అనలేదు.

వంకమీదపల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. ఓబులేసు నేరుగా తిప్పేస్వామి పట్టుపురుగుల షెడ్డుకు పోయాడు. లోపలికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తిప్పేస్వామి మమ్మల్ని చూడలేదు. అంచెలంచెలుగా కట్టిన తట్టల మీద పురుగులు మల్బరీ ఆకు తింటున్నాయి. ఆ చప్పుడు దూరాన వాన పడుతున్నట్టు ఉంటుంది. తిప్పేస్వామి ఒక తట్ట దగ్గర చెవి ఒగ్గి నిలబడ్డాడు, ఊఁ అని తలూపాడు, పక్క తట్టకు పోయాడు. అక్కడ కొంచెం వినేసరికి మొహం మారింది. పోయి ఇంకో బుట్టెడు ఆకు తెచ్చి పరిచాడు. మాకు అన్ని తట్టల చప్పుడూ ఒకటే. వానికి మాత్రం ఏ తట్టలో ఆకు చాలలేదో వినపడుతోంది.

ఓబులేసు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “అన్నా, వీడు కంటితో ఆడడు. చెవితో ఆడతాడు!” అని గుసగుసగా అన్నాడు. “అడుగు తప్పేది వీడు కాదన్నా. పక్కన బీరన్న చెక్కలు అరమాత్ర ముందు పడతాయి. ఆ మోత ఏమన్నా తక్కువ మోతా? వీడి చెవి అటు తిరుగుతుంది, అడుగు దాని వెంట పోతుంది. నడుమకు పిలిస్తే పక్కన బీరన్న లేడు గదా, అందుకే సరిగ్గా వేసినాడు. సరిగ్గా వేసినవాడినే నేను మళ్ళా మళ్ళా పిలిచినా.”

షెడ్డులోకి అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగాడు. అక్కడి నుంచి బీరన్న దొడ్డికి. బీరన్న గొర్రెలను లెక్కపెట్టి లోపలికి తోలుతున్నాడు. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు: “ఏం గురువో, ఈ రోజు నన్ను నడుమకు ఎప్పుడు పిలుస్తావు? మా ఆడోళ్ళు కొత్త చీరలు కట్టుకుని కూర్చోనుండారు, నా ఆట చూసేదానికి!”

మామూలుగా అయితే ఓబులేసు ఊరు వినేటట్టు అరిచేవాడు. ఆ రోజు అరవలేదు. “ఒక్క నిమిషం నాతో రా బీరన్నా” అన్నాడు. ముగ్గురం భజన స్థలానికి పోయాం. అక్కడెవరూ లేరు. ఓబులేసు గంప ఎత్తాడు. తిప్పేస్వామి చెక్కలు, ఎట్లా పెట్టినవి అట్లే ఉన్నాయి, కుడిచేతి జత ఒకటి, ఎడమచేతి జత ఒకటి. ఓబులేసు వంగి కుడిచేతి జత ఎత్తుకున్నాడు. మట్టి తుడిచాడు.

“ఇవి నేను పెట్టించినవి” అన్నాడు.

ఎడమచేతి జత నేల మీదే వదిలేశాడు.

బీరన్న నవ్వబోయాడు. “మరి అవెవరు పెట్టించినారు?”

“వాడు అడుగు తప్పడంలేదన్నా. నీ చెక్కలు వింటాండాడు.”

అంతే. చాలా మెల్లగా అన్నాడు, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. బీరన్న నవ్వు మాత్రం ఉన్నచోట ఆగిపోయింది. నేను ఆ మనిషిని ఎప్పటి నుంచో ఎరుగుదును. ఆయన్ను తిట్టినవాళ్ళున్నారు, పంచాయితీకి ఈడ్చినవాళ్ళున్నారు, ఎవరితోనైనా నవ్వుతూనే మాట్లాడతాడు. ఆ రోజు కండువాతో మొహం తుడుచుకుని, ఆ చెక్కల వైపు చూశాడు. “మొదటి రోజు నుంచేనా?” అన్నాడు. ఓబులేసు తలూపాడు. బీరన్న మోకాళ్ళ మీద కూర్చుని ఎడమచేతి జత ఎత్తుకున్నాడు. తుడవడానికి కండువా చాలదన్నట్టు బోరింగు దగ్గరికి పోయి కడిగాడు. ఎవరింట్లోనో అడిగి పసుపు తెచ్చి పూశాడు.

తిప్పేస్వామి ఇంటి ముందు అతని భార్య సాకమ్మ బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

“ఏం బీరన్నా, గొర్రె ఏమన్నా తప్పిపోయి మా ఇంటికి వచ్చిందా?”

“గొర్రె కాదు చెల్లెమ్మా, పొట్టేలే తప్పిపోయింది. ఇదిగో, దానంతట అదే వచ్చి నిలబడింది” అన్నాడు బీరన్న.

సాకమ్మ నవ్వలేదు గాని, చేట పక్కన పెట్టి లేచింది. తిప్పేస్వామి చేతులు కడుక్కుంటూ బయటికి వచ్చాడు. ఓబులేసు కుడిజత చాచాడు, బీరన్న ఎడమజత చాచాడు. తిప్పేస్వామి ఆ చేతినీ ఈ చేతినీ చూశాడు. తరువాత రెండు జతలూ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా ఒకసారి వాయించి చూసుకున్నాడు.

“తడిసినట్టుండాయే” అన్నాడు.

“నేనే కడిగినా” అన్నాడు బీరన్న, తప్పు చేసినవాడి మాదిరి. “ఆరితే మళ్ళా పలుకుతాయిలే, కదా?”

“పలుకుతాయిలే అన్నా.”

మర్నాడు సాయంత్రానికి బావమరుదులూ వచ్చారు, ఇరుగుపొరుగూ వచ్చారు. ఓబులేసు వలయంలో చోట్లు మార్చాడు. తిప్పేస్వామిని తాళం వేసేవాడి పక్కన నిలబెట్టాడు. బీరన్నను సరిగ్గా వాని ఎదురుగా, వలయానికి ఆ కొసన. వాళ్ళకు ఎందుకో చెప్పలేదు. బీరన్న మాత్రం అడగకుండానే చెక్కల మోత సగానికి తగ్గించాడు.

శ్రావణ శనివారం గురువు ఆటోలో, కాలు బారజాపుకుని, ట్యాబు చంకలో పెట్టుకుని వచ్చాడు. గజ్జెపూజ అయింది. వలయం నిండుగా నిలబడింది. ఓబులేసు పాట ఎత్తుకున్నాడు. ఏం పాడాడని! వెనక్కి తిరిగే అడుగు వచ్చింది, ఊరంతా ఊపిరి పట్టింది. బీరన్న ముందే తిరిగిపోయాడు. ఓబులేసు పాట ఆపలేదు, ఆపుచెక్క కొట్టలేదు, ఆ చరణంలోనే రాగం తీసి అందుకున్నాడు: “ఓ బీరన్నా, గొర్రెలు వంక దాటె!” జనం గొల్లుమన్నారు. బీరన్న కూడా నవ్వుతూ రెండో చుట్టుకు సర్దుకున్నాడు. ఆ నవ్వుల్లో పడి ఈసారి తిప్పేస్వామి నిజంగానే తప్పాడు, వాని సొంత తప్పే. మొహం తెల్లబోయింది. నడుమనున్న ఓబులేసు చేతుల వైపు చూశాడు. ఓబులేసు చేతులు కదల్లేదు. వాని వైపు తిరగనైనా లేదు. తాళం మాత్రం ఒక్క దెబ్బ గట్టిగా వేయమని తాళగాడికి కన్ను గీటాడు. తిప్పేస్వామి చెవికి అది చాలు. అడుగు అందుకున్నాడు. ఆ తరువాత ఆట పొద్దు గూకేదాకా ఎక్కడా తెగలేదు.

అంతా అయినాక ఊరిపెద్దలు శాలువా తెచ్చారు. “గురువుగారూ, ఇట్ల కూర్చోండి” అన్నారు. ఓబులేసు వెంటనే పక్కకు తప్పుకుని కుళ్ళాయప్ప గురువుకు దారిచ్చాడు. వాళ్ళు పిలిచింది తననే అని వానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

శాలువాతోనే వచ్చి గురువు పాదాల దగ్గర కూర్చున్నాడు. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. గురువు మోకాలు రుద్దుకుంటూ అడిగాడు:

“సంచిలో ఏమన్నా మిగిలినాయా?”

ఓబులేసు నవ్వాడు. “నిండుగానే ఉంది గురువా. నాలిక చివరిదాకా వచ్చిన మాటలన్నీ దాంట్లోనే ఉండాయి.”

“బరువుగా ఉందా?”

“ఉంది గురువా.”

“ఉండల్ల” అన్నాడు గురువు. “అదే సంచితో మారెంపల్లెకు పో. గురువు కావాలని అడుగుతాండారు వాళ్ళు.”